మంచి నీళ్ళేనని తాగి చూపించాను

బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కబోతుంటే వెనక నుంచి ఎవరో, "ఏవండీ, మీ చెప్పు అక్కడే ఉండిపోయిందండీ" అన్నారు. తిరిగి చూస్తే నా ఎడమ కాలి చెప్పు నాలుగు గజాల దూరంలో ఉంది. అది జారిన సంగతి నా కాలికి తెలియలేదు. నాకు గుర్తున్న మొదటి లక్షణం అదే.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. దివిసీమలో కొన్ని ఊళ్ళకు కుళాయి నీళ్ళిచ్చే పథకంలో, కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా పైపులు వేయించేవాణ్ణి. సాయంత్రానికి రెండు పాదాల్లోనూ తిమ్మిరి మొదలైంది. మర్నాడు వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కలేకపోయాను. అక్కడి ఆర్.ఎం.పి. డాక్టరు నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేశాడు. మూడో రోజు పొద్దున మంచం దిగబోయి కూలబడ్డాను. నా భార్య కరుణ చంకల కింద చేతులు వేసి లేపుతూ, "ఇదేంటండీ, బియ్యం బస్తాలా ఉన్నారు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అరగంట తర్వాత కాఫీ గ్లాసు పట్టుకోబోతే చేతివేళ్ళు కూడా మూసుకోలేదు.

బందరు డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూశారు. కాలు కదల్లేదు. "రిఫ్లెక్సులు లేవు. ఇక్కడ టైం వేస్ట్ చెయ్యొద్దు, విజయవాడ తీసుకెళ్ళండి" అన్నారు.

విజయవాడలో నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. న్యూరాలజిస్టు నా మంచం పక్కన నిలబడి, "దీన్ని గులియన్ బారీ సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్ అంటారు. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన మీ ఒంట్లోని శక్తి మీ నరాల మీదే పడింది. ఈ మధ్య విరేచనాలేమైనా అయ్యాయా?" అని అడిగారు.

అయ్యాయి. పదిహేను రోజుల కింద, నాలుగు రోజుల పాటు.

"ఏం తిన్నారు? ఎక్కడి నీళ్ళు తాగారు?"

"బయట బజ్జీలు తిన్నానండీ" అన్నాను.

అది అబద్ధం. నేనేం తాగానో నాకు బాగా తెలుసు.

విరేచనాలు పట్టుకోవడానికి రెండు రోజుల ముందు ఒక ఊళ్ళో కుళాయిలు ప్రారంభించాం. జనం బిందెలతో వచ్చి నిలబడ్డారు గానీ ఎవరూ ఆ నీళ్ళు నోట పెట్టలేదు. కోటేశ్వరమ్మగారనే పెద్దావిడ, "ముందు నువ్వు తాగు నాయనా, చూస్తాం" అంది. గ్లాసు నిండా పట్టుకుని తాగాను. ఆవిడ తాగింది. తర్వాత అందరూ తాగారు. నీళ్ళు ఇంకా ల్యాబ్‌కి పంపనేలేదు. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. ఊరి మొదట్లో తూము దగ్గర మా పైపు మురుక్కాలవ అడుగు నుంచి పోతుంది. ఇళ్ళలోని మరుగుదొడ్ల నీళ్ళన్నీ ఆ కాలవలోకే వస్తాయి. అక్కడ జాయింటు కారుతోందని ఫిట్టరు చెబితే, ప్రారంభం దగ్గరపడిందని, "తర్వాత చూద్దాంలే, మట్టి కప్పెయ్" అన్నది నేనే. సరఫరా ఆగినప్పుడల్లా పైపు ఆ మురుగును లోపలికి పీలుస్తుందని తెలిసే అన్నాను.

మర్నాటికి మాట ముద్దయింది. ఊపిరి అందడం లేదు. డాక్టరుగారు కరుణతో, "బ్రీతింగ్ మజిల్స్ వీకవుతున్నాయమ్మా, వెంటిలేటర్ పెట్టాలి. ట్యూబ్ వేశాక మాట్లాడలేరు. మాట్లాడాలంటే ఇప్పుడే మాట్లాడండి" అన్నారు.

కరుణ నా మొహం మీదికి వంగింది.

"తూము దగ్గర జాయింటు... మురుక్కాలవలో ఉంది. నాకు తెలుసు. నీళ్ళు ఆపమని ఇంజనీరుగారికి చెప్పు" అన్నాను.

ఆ క్షణం గురించి తను చాలా రోజుల తర్వాత చెప్పింది. "నా గురించో మన పిల్ల గురించో ఏదో అంటారనుకున్నానండీ. పైపు గురించి చెబుతుంటే మతి పోయిందేమో అనుకున్నా. 'నాకు తెలుసు' అన్నారు చూడండీ, అప్పుడు అది మతిపోయి అన్న మాట కాదని తెలిసింది."

తను ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి పథకం ఇంజనీరుకి ఫోన్ చేసింది. "ఒంట్లో బాగోలేక ఏదో అనుంటాడమ్మా" అన్నాడట ఇంజనీరు. "ఆయనకి కాళ్ళు పడిపోయాయి గానీ తెలివి పోలేదండీ. తవ్వి చూడండి" అందట కరుణ. తవ్వారు. జాయింటు రెండు వేళ్ళు పట్టేంత విడిపోయి ఉంది.

పంతొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. మధ్యలో న్యుమోనియా వచ్చి, కుదుటపడుతున్నాననుకున్నవాణ్ణి మళ్ళీ మొదటికొచ్చాను. జీబీఎస్‌లో తెలివి ఎక్కడికీ పోదు. కనురెప్పలు తప్ప ఏదీ కదలదు, అన్నీ వినిపిస్తాయి. ఆ స్థితిలోనే, మంచం పక్కన వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆ వీధిలో ఇంటికొకరు విరేచనాలతో పడ్డారట, ఎండల వల్ల అనుకున్నారట, కోటేశ్వరమ్మగారికి ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కిస్తున్నారట. మొహం అటు తిప్పుకుందామన్నా మెడ తిరగలేదు.

ముందు భుజాలు కదిలాయి, తర్వాత చేతులు, చివరికి పాదాలు. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ "ఇంకొక్కసారి సార్" అనేది. వాకర్‌తో నడవడానికి ఐదు నెలలు పట్టింది. ఎనిమిదో నెలలో కరుణను తోడు తీసుకుని ఆ ఊరు వెళ్ళాను. అప్పటికి పైపును కాలవ పైనుంచి దిమ్మెల మీదుగా మళ్ళించారు. కోటేశ్వరమ్మగారు చిక్కిపోయి అరుగు మీద కూర్చుని ఉంది. జాయింటు సంగతి నాకు ముందే తెలుసని చెప్పేశాను.

ఆవిడ నా కాళ్ళ వంక చూసింది. "నువ్వు తాగావనే నేను తాగాను నాయనా" అంది. తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. కరుణ చెయ్యి పట్టుకుని వచ్చేశాను.

కాంట్రాక్టరు నన్ను మళ్ళీ పనిలోకి పిలవలేదు. ఇప్పుడు గుడివాడలో ఒక పైపుల షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. ఎడమ పాదం ఇంకా కొంచెం ఈడుస్తుంది.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. విరేచనాలు తగ్గిన రెండు మూడు వారాల్లో పాదాలు తిమ్మిరెక్కి, మెట్లు ఎక్కడం కష్టమైతే, బలానికి ఇంజెక్షన్లు చేయించుకుంటూ కూర్చోకండి. ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్ళండి. ఏ నీళ్ళు తాగారని డాక్టరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. నేను నిజం చెప్పినా నా వైద్యం మారేది కాదు. కానీ ఆ ఊళ్ళో నీళ్ళు ఒక రోజు ముందు ఆగేవి. విరేచనాలు పట్టుకున్న రోజే చెప్పుంటే, పదిహేను రోజుల ముందే ఆగేవి.