చొక్కా కాలర్ తిప్పి కుట్టే ఊరు

అడవి ఊళ్ళవాళ్ళకు బట్ట విలువ తెలియదని మా కాలనీలో ఒక కథ చెలామణిలో ఉంది. నిరుడు మా మహిళా సంఘం టేకులపల్లి అవతల ఒక గూడేనికి వ్యాన్ నిండా పాత బట్టలు పంపింది. వానలు తగ్గాక ఎవరో అటు వెళ్ళి, వాగు ఒడ్డున బురదలో కూరుకుపోయిన టాప్‌లనూ లెగ్గింగ్‌లనూ ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. ఇక చూడండి! "ఇచ్చినా దక్కించుకోలేరు" అని ఒకరు, "వాళ్ళకు ఊరికే వస్తే అంతే" అని ఇంకొకరు. దండం పెట్టే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు సరేసరి.

నాకీ కథ మింగుడు పడలేదు. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి పనికొచ్చే వస్తువును వాగులో పారేయదు. పారేసిందంటే తప్పు మనిషిలో కాదు, వస్తువులో ఉండాలి. ఆ మాటే మీటింగులో అన్నాను. "అయితే మీరే వెళ్ళి కనుక్కొని రండి" అన్నారు అధ్యక్షురాలు సుశీలమ్మ గారు, నేను వెళ్ళనన్న ధీమాతో. ఈ ఏటి మూటలు ముప్పై రెండు కమ్యూనిటీ హాల్లో సిద్ధంగా ఉన్నాయి. ఆదివారం వ్యాన్ బయల్దేరాలి. బుధవారం పొద్దున్నే నేను బయల్దేరాను. మచ్చుకు ఒక మూట నాతో తీసుకెళ్ళాను.

ఖమ్మం బస్టాండులో ఆరూ నలభైకి ఇల్లెందు మీదుగా కొత్తగూడెం వెళ్ళే బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చేతిలో పట్టుకోండి, ఆడవాళ్ళకు జీరో టికెట్. మూటకు మాత్రం కండక్టరు లగేజీ కొడతానన్నాడు. "ఒళ్ళో పెట్టుకుంటా, ఒడికి కూడా టికెట్టుందా?" అన్నాను. నవ్వి వదిలేశాడు.

పక్కన నర్సింగ్ చదివే అమ్మాయి కూర్చుంది. ఆమె ఒళ్ళోనూ ఒక సంచి ఉంది. నిన్న సాయంత్రం ఖమ్మంలో కొన్న ఆరు టాప్‌లట. ఎన్నాళ్ళు వేసుకుంటావని అడిగాను.

"రెండు మూడు సార్లు ఏసుకుంట ఆంటీ. అప్పటికే స్టేటస్‌ల అందరు చూసేస్తరు గద."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? ఎవలకన్న ఇచ్చేస్తం. ఏంది ఆంటీ, ఇంటర్వ్యూ చేస్తున్నవా?"

చేస్తూనే ఉన్నానని చెప్పాను. నా ఒళ్ళో ఉన్న మూట అటువంటి "ఎవలకన్న"దే అని మాత్రం చెప్పలేదు. కారేపల్లి దాటేసరికి ఆ పిల్ల నా భుజం మీద నిద్రపోయింది.

ఎనిమిదింపావుకు ఇల్లెందు. బస్సు పది నిమిషాలు ఆగింది. బస్టాండు బయట టీ బాగుంటుంది, అల్లం ఎక్కువ వేస్తారు. తొమ్మిదికి టేకులపల్లిలో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటో. మిర్చి ఏరే కూలీలతో కిక్కిరిసి ఉంది, మనిషికి ముప్పై రూపాయలు. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. మధ్యమధ్య ఎర్రగా మిర్చి కల్లాలు. ఘాటుకు నేను తుమ్ముతుంటే ఆటోలో అందరూ నవ్వారు.

గూడెం పేరు రాయను. ఎందుకో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

సంఘం వాళ్ళు నాకు ఒకే ఒక్క పేరిచ్చారు: కన్నమ్మ. నిరుడు వ్యాన్ ముందు ఫోటో దిగిన పెద్దావిడ. అరవై దాటి ఉంటుంది. వాకిట్లో చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కొని, చేనుకు బయల్దేరబోతూ కనిపించింది. నన్నూ మూటనూ చూసి ఆమె మొహం వాడిపోయింది.

"మళ్ళ తెచ్చినవా బిడ్డా?"

"ఒక్కటే తెచ్చాను పెద్దమ్మా. మిగిలినవి పంపాలా వద్దా అడుగుదామని వచ్చాను. నిరుటివి వాగులో పడ్డాయట?"

"అవ్. పారేసింది మేమే." తడుముకోలేదు, సిగ్గుపడలేదు. "ఎందుకంటవా? కూసో. సాయబు వచ్చిండు, ఆయన చెప్తడు మంచిగ."

ఆమె చేను మానుకొని నన్ను పక్కింటి అరుగు మీదికి తీసుకెళ్ళింది. అక్కడ చేతి మిషన్ ముందు అరవై ఏళ్ళ మనిషి కూర్చొని ఉన్నాడు. పేరు మస్తాన్. ఇల్లెందులో మూడు తరాలుగా కుట్టుపనే. ప్రతి బుధవారం మోపెడ్ వెనక మిషన్ కట్టుకొని ఈ గూడేనికి వస్తాడు. పొద్దున ఇచ్చిన బట్ట సాయంత్రానికి తయారు. అప్పుడు అతని చేతిలో ఒక చొక్కా ఉంది. మెడ దగ్గర నలిగి పీచులు లేచిన కాలర్‌ను బ్లేడుతో కుట్లు విప్పి తీశాడు, తిరగేశాడు, మళ్ళీ కుట్టాడు. చిరుగు లోపలికి వెళ్ళింది, కొత్త ముఖం పైకి వచ్చింది. నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలు.

చిన్నప్పుడు మా నాన్న చొక్కాలకు ఇలా కుట్టేవాళ్ళని విన్నాను. కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి.

"మిర్చి ఏరేటప్పుడు చేతులు మండకుండ ఈ ఫుల్‌చేతుల చొక్కా ఉండాలె మేడమ్," అన్నాడు మస్తాన్. "నూలుదే ఉండాలె. పాలిస్టర్ ఏస్తే చెమటకు ఒళ్ళంత దద్దుర్లు. మీ మూటల ఏముండె? చేతుల్లేనియి, బొడ్డు కాడికొచ్చేటియి."

"కుట్టి మార్చుకోవచ్చుగా?" నేనూ ఊరుకునే రకం కాదు.

నా మూటలోంచి ఒక టాప్ తీసి లోపలివైపు తిప్పాడు. "చూడు. కుట్టు పక్కన గోరంత బట్ట గూడ ఇడవలె. విప్పితే మిషన్ దేన్ని పట్టుకోవాలె? గిట్ల కుట్టినోడు ఇది మళ్ళ విప్పుతరని అనుకోనే అనుకోలె."

అప్పుడు కన్నమ్మ తన మనవరాలిని పిలిచింది. పదేళ్ళ పిల్ల, నీలం లంగా కట్టుకుంది. అంచుకు పైన మూడు గీతలు వెలిసిపోయి ఉన్నాయి. మస్తాన్ కొత్త లంగా కుట్టేటప్పుడే లోపల నాలుగు మడతలు పెడతాడట. పిల్ల ఎదిగినప్పుడల్లా ఒక మడత విప్పుతాడు. మూడు విప్పాడు, ఇంకొకటి మిగిలింది. అదీ అయ్యాక నాలుగు మడతలూ మళ్ళీ వేసి చెల్లెలికి ఇస్తారు.

"దాని లంగా నాకొద్దు!" అని గుమ్మం వెనక నుంచి చెల్లెలు అరిచింది.

"నీకిచ్చేటోల్లెవలే? నాకింకొక మడతున్నది!" అని అక్క. వాళ్ళిద్దరూ కోయలో ఏదో తిట్టుకున్నారు, ముసలమ్మ కూడా నవ్వింది, నాకెవరూ అర్థం చెప్పలేదు.

చీరల సంగతి కన్నమ్మ చెప్పింది. నూలుచీర ముందు కట్టు. అంచు చిరిగితే ఉయ్యాల. ఆ తర్వాత బొంత. బొంత చివికితే నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్ట. చివరికి మసిగుడ్డ. "మీ బట్టతోటి బొంత కుట్టిన. జారుతది, ఉడుకుతది. మసిగుడ్డ చేసిన. నీళ్ళు తాగదు. పొయిల ఏస్తే కరిగి బొట్టు బొట్టు కారింది, కోడలి కాలు మీద పడి బొబ్బ లేసింది. ఇగ ఏం చెయ్యాలె? గుంత తీసి పూడ్చినం. వానకు వాగు గుంజుకపోయింది."

ఇంత విన్నాక కూడా నాకు కొంచెం వాదన మిగిలే ఉంది. నేను నూలు మనిషిని. పోయిన నెల ఎగ్జిబిషన్‌లో రెండువేలు పోసి కొన్న చేనేత చీర కట్టుకొని వచ్చాను. "అందరం ఒకటి కాదు మస్తాన్ భాయ్, నాది చూడండి, అచ్చమైన కాటన్" అన్నాను. అతను కొంగు చివర ఒక పోగు ఇవ్వమని అడిగి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. నూలైతే కాగితంలా కాలి బూడిద కావాలి. కాలేదు. ముడుచుకొని, నల్లటి గట్టి పూసైంది. దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"మేడమ్‌కు పూస దొరికింది!" అంది కన్నమ్మ. అరుగు చుట్టూ చేరిన ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాదనలో ఓడితే నవ్వడం నాకు అలవాటు లేదు. ఆ రోజు వచ్చింది.

మధ్యాహ్నం అక్కడే భోజనం: అన్నం, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. వద్దంటే ఊరుకోలేదు. నా టిఫిన్ డబ్బాలో ఉన్న నిమ్మకాయ పులిహోర నేనూ పంచాను. డబ్బా విప్పుతుంటే కన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇదేంది?"

డబ్బా చుట్టూ కట్టింది మా ఆయన పాత ఫుల్‌చేతుల చొక్కా. కాలర్ చిరిగి, జేబు మీద ఇంకు మరకతో ఉంది. ఇవ్వడానికి పనికిరాదని సంఘం వాళ్ళు మూటలోంచి తీసి పక్కన పడేస్తే, మసిగుడ్డకు వస్తుందని నేను తెచ్చుకున్నాను. మస్తాన్ పోగు కాల్చాడు. మెత్తటి బూడిద రాలింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈ మూట నువ్వే పట్టుకపో బిడ్డా," అంది కన్నమ్మ. "ఇది మాత్రం ఇచ్చిపో. రేపు చేనుకు ఏసుకపోత."

మూటలో ఇరవై మూడు బట్టలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఎవరూ ఉంచుకోలేదు.

మస్తాన్ కాలర్ విప్పుతూ తన సంగతి చెప్పాడు. నిరుడు వ్యాన్ వచ్చాక నాలుగు నెలలు అందరూ ఆ ఊరికే వచ్చిన బట్టలే వేసుకున్నారు, ఎవరూ అతని చేతికి బట్ట ఇవ్వలేదు. బుధవారం వచ్చి, టీ తాగి, ఉత్త చేతుల్తో వెళ్ళేవాడు. వానల్లో ఆ బట్టల కుట్లు ఊడాక మళ్ళీ పిలిచారు, అప్పటికి వాటిలో కుట్టడానికి ఏమీ మిగల్లేదు. "ఈయేడు గిట్ల మళ్ళొస్తే ఇగ నేను రాను. మిషన్ మా బామ్మర్దికిచ్చి, ఇల్లెందుల రెడీమేడ్ దుకాణం ముంగట కుర్చేసుకొని కూసుంట. వచ్చెటోళ్ళకు సలామ్ కొట్టుడే పని."

"నువ్వు రాకపోతే మా చొక్కాలెవలు చూస్తరు సాయబూ?" అంది ఒకామె. గట్టిగానే అడిగింది. మిర్చి ఏరడం ఇంకా రెండు నెలలుంది.

నేను లేచి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం పశువుల దొడ్డి దాకా నడవాల్సి వచ్చింది. "వ్యాన్ ఆపండి సుశీలమ్మ గారూ. ఇక్కడ వద్దంటున్నారు. వద్దన్నది బట్ట విలువ తెలిసినవాళ్ళు. తెలియనిది మనకు."

"మూటలు కట్టేశామండీ! మరి ఇవి ఏం చేయమంటారు?"

"అది కొనేటప్పుడు అడగాల్సిన మాట."

చివరికి సరే అన్నారు, ఆ ఊరికి పంపరట. తిరిగి వచ్చి చెప్పాను. మస్తాన్ తల ఎత్తలేదు. పంటితో దారం తెంపుతూ, "అయితే వచ్చే బుధారం బొత్తాలు గూడ తెస్త" అన్నాడు. కన్నమ్మ మా ఆయన చొక్కా తొడుక్కొని చేతులు చాపి చూసుకుంది. తిరగేసిన కాలర్ ఆమె మెడకు నిటారుగా నిలబడింది.

మూడున్నరకు ఆటో, నాలుగుంబావుకు టేకులపల్లిలో బస్సు. కిటికీ సీటు దొరికింది, పక్క సీట్లో ఆ ఇరవై మూడు బట్టల మూట. చదువుకున్నదాన్ని, బట్టల గురించి ఉపన్యాసాలూ విన్నదాన్ని. బట్ట ఎన్ని బతుకులు బతకాలో ఆలోచించి కుట్టే మనిషిని, దాన్ని అన్ని బతుకులూ బతకనిచ్చే ఆడవాళ్ళను ఒకే అరుగు మీద చూడటానికి యాభై ఏళ్ళు పట్టింది. మీరు వెళ్ళాలనుకుంటే ఇల్లెందులో మస్తాన్‌ను అడగండి. మూట మాత్రం పట్టుకెళ్ళకండి.

కారేపల్లి దగ్గర సుశీలమ్మ గారి ఫోన్. గొంతులో సంతోషం. "సమస్య తీరిందండీ! ముప్పై ఒక్క మూటలూ వ్యాన్ ఎక్కించేశాం. సత్తుపల్లి వైపు అడవిలో ఇంకో ఊరు ఒప్పుకుంది."

"ఏ ఊరు? ఒప్పుకుంది ఎవరు?" అన్నాను. బస్సు కుదుపులో లైన్ తెగింది. ఖమ్మం చేరేలోపు ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు. మర్నాడు ఎదురుపడితే పని ఉందని వెళ్ళిపోయారు. ఇది రాస్తున్న ఈ రోజు దాకా నాకు జవాబు రాలేదు, చదువుతున్న మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి: ఆ ఊరి పేరేమిటి?