రుక్మాబాయి పచ్చచీర

నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ పక్క పల్లెలో పత్తి ఏరుకుని బతికే రుక్మాబాయి, బిడ్డ కౌసల్యకు నాందేడ్‌లో కళ్లద్దాలు పెట్టించింది. అవి లేకపోతే పిల్లకు దూరాన రంగులే తప్ప మొహాలు ఆనవు.

డెబ్బై నాలుగులో మాళేగావ్ జాత్రకు పోయారు. జనం మీద మీద పడుతుంటే రుక్మాబాయికి భయమేసింది. "పగుల్తె మల్ల నాందేడ్ పోవాలె. ఇటియ్యి బిడ్డా, నా పచ్చచీర చూసుకుంట ఎన్క రా" అని అద్దాలు తీసి రొంటిన దోపుకుంది. గాజుల దుకాణం దాటి వెనక్కి తిరిగితే పిల్ల లేదు. జాత్రలో సగం మంది ఆడవాళ్లు పచ్చచీరల్లోనే ఉన్నారని అప్పుడు చూసింది.

అప్పటినుంచి ఏటా అదే చీరలో జాత్రకు వచ్చి గాజుల దుకాణం ముందే నిలబడుతుంది. చీర అతుకులు పడింది. మార్చమంటే వినదు.

"మొకం ఆనది దానికి. చీర మారిస్తె నన్నెట్ల గుర్తువడ్తది?"