దొమ్మరి గెంతులు

డ్రిల్లు మాస్టరుగా చేసిన రోజుల్లో నా నోటికి రెండే పనులు, విజిలూ తిట్లూ. విజిల్ ప్రభుత్వం ఇచ్చింది, తిట్లు మా అమ్మ ఇచ్చింది. చిన్నప్పుడు నేను అరుగు మీంచి దూకితే "ఏంట్రా ఆ దొమ్మరి గెంతులు" అనేది. కుదురులేని దూకుడుకి అదే పేరనుకుని పెరిగాను. దొమ్మరి అనేది ఊరూరా గడ ఎక్కి ఆడి బతికేవాళ్ల కులం పేరని, ఆడవాళ్లని నీచంగా తిట్టడానికీ ఆ పేరే వాడతారని నాకు తెలియక కాదు. తెలిసీ ఆలోచించలేదు.

తొంభైల చివర్లో కడియం దగ్గర ఒక హైస్కూల్లో ఉండేవాణ్ణి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లాంగ్ జంప్‌లో మగపిల్లల్ని కూడా దాటేసేది. కాకినాడలో జిల్లా పోటీలకు తీసుకెళ్తే కప్పు మాదేనని నా నమ్మకం. ఒక సాయంత్రం బడంతా గ్రౌండులో ఉండగా ఆ పిల్ల వరసగా మూడుసార్లు గీత తొక్కి దూకింది. నాకు ఒళ్లు మండింది.

"ఏంటే ఆ దొమ్మరి గెంతులు? గీత కనపడట్లేదా?" అని అరిచాను. పిల్లలంతా గొల్లుమని నవ్వారు. నా జోకు పేలిందనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. పోటీలకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. సైకిలు తొక్కుకుంటూ నర్సరీల వెనకున్న వాళ్ల పాకకి వెళ్లాను. వాళ్ల నాన్న మొక్కల సంచుల్లో మట్టి నింపుతున్నాడు. చూరు కింద పొడవాటి వెదురు గడ, దానికి చుట్టిన మోకు కనిపించాయి. ఆ పిల్లది ఆ కులమేనని బడిలో పిల్లలందరికీ తెలుసు, అందుకే నవ్వారు, నాకొక్కడికే తెలియదు.

ఆయన చేతులు దులుపుకుని లేచి మంచం వాల్చాడు.

"కూర్చోండి మాస్టారూ. మేం దొమ్మరోళ్లమేనండి, అందులో దాపరికం ఏం లేదు. కానండి, గీత తప్పిన గెంతులకి మా పేరెందుకండీ? మా అమ్మ గడ మీద ఏనాడూ అడుగు తప్పలేదండి. తప్పితే పాణం పోద్ది కదండీ."

గుమ్మంలోంచి ఆ అమ్మాయి అంది.

"నేనొస్తానండి సార్. అందరి ముందూ అన్నారు కదండీ, తప్పని అందరి ముందూ చెప్పండి."

రేపు ప్రార్థనలో చెబుతానని మాటిచ్చాను. ఆ పిల్ల మొహం వెలిగింది.

పొద్దున్నే వచ్చి ముందు వరసలో నిలబడింది. హెడ్మాస్టరు గారు, తోటి మాస్టర్లు నా పక్కనే ఉన్నారు. మైకు తీసుకుని, "పిల్లలూ, ఎవర్నీ చెడ్డ మాటలు అనకూడదు" అన్నాను. అంతే. నేనన్నానని గానీ, ఏమన్నానని గానీ చెప్పలేదు. ఆ కులం పేరెత్తితే ఆ పిల్లకే అవమానమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. మాస్టర్ల ముందు చులకనైపోతానని భయపడ్డాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ప్రార్థనయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"చెప్పడం అయిపోయిందాండి?"

"అయిపోయిందమ్మా."

తల ఊపి క్లాసుకి వెళ్లిపోయింది. కాకినాడకి రానని తను చెప్పలేదు. రమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.