చరిత్రను నడుంలోతు నీళ్ళలో ముంచిన వైనం

2014 ఫిబ్రవరి, ఆదివారం. హాజరైనవారు: నేను, మా అమ్మాయి శైలజ, పదమూడేళ్ళ మనవరాలు మేఘన, క్లబ్బు పెద్ద, డెబ్భై ఎనిమిదేళ్ళ బ్రయన్, అతని ముసలి చెక్క బోర్డు. మధ్యాహ్నానికల్లా వీరిలో ఇద్దరు నీళ్ళపాలయ్యారు. కారకుడు జాబితాలో మొదటివాడు.

ఫిబ్రవరిలో ఎండాకాలం వచ్చే దక్షిణార్ధగోళంలో, ఆల్బనీకి ఉత్తరాన ఒక సముద్రతీరంలో, మునిగేవాళ్ళను కాపాడే క్లబ్బు అది. బోర్డు మీద మోకరిల్లి, రెండు చేతులతో నీళ్ళు తోసుకుంటూ మనిషిని చేరుకోవాలి. మేఘన అక్కడే నేర్చుకుంటోంది. ఇప్పటి బోర్డులు ఫోమువి. వెనకటివి లోపల బోలుగా ఉండే చెక్కవి. ఈ చరిత్రంతా ఒక బల్ల మీద ఫోటోలతో, చీటీలతో అమర్చే పని నాకు అప్పగించారు. ఎందుకంటారా? వద్దంటున్నా వదలకుండా అడిగాను కాబట్టి.

బ్రయన్ కుర్రతనంలో తొలిసారి ఒక ప్రాణం కాపాడింది ఆ చెక్క బోర్డు మీదే. చలికాలమంతా కూర్చుని దాన్ని బాగుచేశాడు. "చివరిసారిగా ఒక్క చుట్టు తిరిగొచ్చి గోడకు తగిలించేస్తాను రావ్. వచ్చే ఏడాదికి నా మోకాళ్ళు ఒప్పుకోవు" అన్నాడు.

ముందురోజు నేను ఆ బోర్డు తుడుస్తుంటే తోక దగ్గర బిగించిన ఇత్తడి ముక్క ఒకటి కనబడింది. తిప్పితే ఊడివచ్చింది. రైల్వే స్టోర్సులో జీవితమంతా గడిపినవాణ్ణి. చీటీ లేని వస్తువు కనబడితే నాకు చేతులు దురద. దాన్ని తళతళా తోమి, దూదిలో పెళ్ళి నగలా పడుకోబెట్టి, "ఉపయోగం తెలియదు" అని చీటీ కట్టాను.

"బ్రయన్ అంకుల్‌ని అడిగి తియ్యొచ్చు కదా నాన్నా?" అంది శైలజ.

"స్టోర్సులో చేసినవాణ్ణి, నాకు తెలియదా?"

"తెలియదనేగా చీటీ మీద రాశావు!"

ఆడపిల్లకు అంత చదువు చెప్పించి ఉండకూడదనిపించింది ఆ క్షణంలో.

ఆదివారం తీరమంతా జనం. బ్రయన్ చప్పట్ల మధ్య బోర్డెక్కాడు. మైకు నా చేతిలో. "చూడండి, ఎంత హుందాగా కదులుతోందో!" అన్నాను. తోక కొంచెం దిగింది. "బరువైన చెక్క, అలాగే దిగుతుంది." బ్రయన్ మోకాళ్ళు మునిగాయి. "ఇది ఆ కాలపు పద్ధతి..."

"పద్ధతి కాదు తాతయ్యా, హీ ఈజ్ సింకింగ్!" అని అరిచి, మేఘన ఫోము బోర్డుతో పరుగెత్తింది.

చెక్క బోర్డు బానలా గుడగుడమంటూ ముక్కు పైకెత్తి నిలబడింది. నడుంలోతు నీళ్ళలో బ్రయన్ దాన్ని కావలించుకుని నిలబడ్డాడు.

"నేను నిలబడే ఉన్నానమ్మా" అన్నాడు మేఘనతో.

"ప్లీజ్, లై డౌన్. ఐ యామ్ రెస్క్యూయింగ్ యూ."

పెద్దాయన బుద్ధిగా పడుకున్నాడు. అలా పడుకునే అరిచాడు: "రావ్! తోకలో బిరడా ఏదీ?"

జనమంతా నా బల్ల వైపు తిరిగారు. ఆ ఇత్తడి ముక్క దూదిలో మెరిసిపోతోంది. నా నోట వచ్చిన "అయ్యబాబోయ్!" మైకులో తీరమంతా వినబడింది.

బోర్డు నుంచి నీళ్ళు వంచి, దాన్ని ఎండబెట్టేసరికి ఆ రోజు గడిచిపోయింది.

మర్నాడు ఉదయం తీరంలో మేమే. బిరడా బ్రయనే బిగించుకున్నాడు. తాపీగా ఒక చుట్టు తిరిగొచ్చాడు. దిగేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు, ఉప్పునీళ్ళేనన్నాడు.

నేను బోర్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: "ఈ సముద్రం సాక్షిగా, బిగించి ఉన్నదేదీ ఈ జన్మలో విప్పను."

"మంచిది. కదలకుండా నిలబడు" అన్నాడు బ్రయన్. బిరడా నుంచి విప్పిన నా చీటీని జేబులోంచి తీసి, నా చొక్కా గుండీకి కట్టాడు.

"ఉపయోగం తెలియదు."