అల్లం డ్రమ్ముకు సాయమిచ్చిన ఆఫీసరు

ఎనభైల్లో జహీరాబాద్‌కు వచ్చిన ఆ పరిశ్రమల ఆఫీసరు, ఎవరైనా ఎదుట నిలబడితే ముందు కళ్లద్దాలు తీసేవారు. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. తవ్విన అల్లానికి అంటిన మట్టి కడిగే డ్రమ్ము తయారు చేస్తానంటే, నాకు సర్కారు సాయం ఇప్పించింది ఆయనే. తీరా రైతులందరి ముందు తిప్పితే అల్లమంతా ముక్కలైంది. అందరూ నవ్వారు.

"సర్కారు పైసలు ఖరాబ్ చేసిన సార్," అన్నాను తలెత్తకుండా.

ఆయన కళ్లద్దాలు తీసి నా పక్కనే మట్టిలో కూర్చున్నారు. "ఎందుకు విరిగిందో ఎరుకైందా?"

"లోపలి రేకు అంచులు తగిలినయి సార్."

"గది ఎరుక చేసుకునేటందుకే పైసలిచ్చిన్రు. ఫికర్ చెయ్యకు, మల్ల చెయ్యి."

రెండో డ్రమ్ము తయారయ్యేసరికి ఆయనకు బదిలీ అయింది. ఆ డ్రమ్ము చక్కగా పనిచేసింది. రైతులు భుజం తడుతుంటే, ఆయన రారని తెలిసి కూడా, రోడ్డు మీద ఆగిన ప్రతి బస్సు వైపూ చూశాను.