కడాయి దొర్లిన దారి

వానలు మొదలవగానే మా మోర్తాడ్‌లో పంచాయతీ మనుషులు మురుగుకాల్వల వెంట బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. అందరూ ముక్కు మూసుకుని పోతే, నేను గుమ్మంలో నిలబడి ఆ ఘాటు వాసన కాసేపు పీలుస్తాను. మా అత్తగారికి బతికినన్నాళ్లూ ఇదొక వింత. ఆ వాసనలో నాకు సరళమ్మ ఉంది.

ఎనభైలలో ఆమె ఆర్మూరు పశువుల దవాఖానకు డాక్టరుగా వచ్చి, మా పుట్టింటి ముందరి గదులు అద్దెకు తీసుకుంది. ఆడమనిషి బర్రెలకు వైద్యమేమిటని నవ్వినవాళ్లే కొన్నాళ్లకు ఆమె కోసం మా అరుగు మీద కాచుకు కూర్చునేవారు. సాయంత్రం తిరిగొచ్చాక, గడప దగ్గర బ్లీచింగ్ నీళ్ల బకెట్‌లో చెప్పులు కడగందే లోపలికి అడుగుపెట్టేది కాదు. మా అమ్మ మడి అని ఏడిపించేది. అప్పటికి నేను పది తప్పి, ఇంట్లో అందరి చేతా మాటలు పడుతున్నాను. నన్ను కూర్చోబెట్టుకుని మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

మా చేను పక్కనే లింగన్న చేను. పసుపు ఉడకబెట్టడానికి ఇద్దరికీ ఒకటే పెద్ద కడాయి. ఒకరి పని అయ్యాక దాన్ని మట్టిలో దొర్లించుకుంటూ రెండో కళ్లానికి తెచ్చేవారు. ఆ ఏడు లింగన్న చెప్పినదానికన్నా ఎక్కువ రోజులు ఉంచుకున్నాడు. మా బాపుకూ అతనికీ మాటా మాటా పెరిగింది. కడాయి మా కళ్లానికి వచ్చిన కొద్దిరోజులకే, పసుపుకు కాపలా ఉండే మా మోతికి వాంతులు పట్టుకున్నాయి. ఏడాది నిండని కుక్క. బాపు పసుపు కలిపిన మజ్జిగ తాగించాడు. పసుపు పండించేవాళ్లకు పసుపుతో తగ్గని రోగం ఉంటుందని తోచదు. తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు మొదలయ్యాయి.

"అన్నంల విషం కలిపి పెట్టిండు," అన్నాడు బాపు. "గా లింగడే. పంచాయితిల నిలబెడ్త."

వాళ్లిద్దరూ చిన్నప్పటినుంచీ ప్రాణస్నేహితులు. పదిమంది ముందు ఆ మాట అంటే ఇక ఈ జన్మకు కలవరు.

"పెడుతుంటే ఎవలన్న చూసిన్రా?" అంది సరళమ్మ, మోతి చర్మం కింద సెలైన్ ఎక్కిస్తూ.

"నిప్పు లేంది పొగొస్తదా డాక్టరమ్మా?"

"గా నిప్పేందో చూడనియ్యిన్రి. ఒక్క పూట ఆగున్రి."

చెప్పులు కడుక్కుని, నా చేతా కడిగించి, నన్ను లింగన్న కళ్లానికి తీసుకుపోయింది. అక్కడ అతని ఎర్రకుక్క ఎముకల గూడులా నీడన పడుకుని ఉంది. దానికీ అదే రోగం, మోతికన్నా ముందే వచ్చి ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది.

"మరి దవాఖానకు ఎందుకు తేలే?"

లింగన్న నావైపు చూసి తలవంచుకున్నాడు. "మీరు వీళ్లింట్లనే ఉంటిరి. వీళ్ల బాపే విషం పెట్టిండనుకున్న. ఎట్ల జెప్పుదు?"

సరళమ్మకు నవ్వాగలేదు. ఇద్దరినీ మా కళ్లంలో ఎదురెదురుగా కూర్చోబెట్టింది. "ఇది వైరస్. కుక్కలకు కొత్తగ వచ్చింది. పేగుల లోపలి పొర ఊడగొడ్తది. రోగమున్న కుక్క దొడ్డికి పోయిన మట్టిల బతికే ఉంటది. గా మట్టి మీ కాళ్లకంటింది, కడాయికంటింది. ఇంకెవలు తెచ్చిపెట్టలే."

బాపు తల గోక్కున్నాడు. లింగన్న బీడీకట్ట తీసి బాపు ముందు పెట్టాడు.

మోతి మాత్రం దక్కలేదు. నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. "ఎవలో ఒకల మీద కోపం తెచ్చుకుంటే దుఃఖం తగ్గుతదనిపిస్తది సుజాతా," అంది నా జుట్టు సవరిస్తూ. "తగ్గది." తర్వాత కళ్లమంతా తనే బ్లీచింగ్ చల్లించింది. ఏడాది దాటేదాకా అక్కడికి కుక్కపిల్లను తేవద్దనీ, ఈ రోగం వచ్చి బతికిన కుక్కకైతే ఫికర్ లేదనీ, దానికి మళ్లీ రాదనీ బాపుకూ లింగన్నకూ చెప్పింది.

ఆ ఎండాకాలమే ఆమెకు బదిలీ అయింది.

మరుసటి ఏడు పసుపు ఆరబోసిన మొదటి సాయంత్రం, లింగన్న ఎర్రకుక్కను తాడుతో పట్టుకుని మా కళ్లంలోకి వచ్చాడు. "దీనికి మళ్ల రాదన్నది గద డాక్టరమ్మ. ఈ ఏడు మీ తాననే పండనియ్యి." కుక్క కాసేపు మట్టి వాసన చూసి, మోతి పడుకునే చోటే పడుకుంది. బాపు తన సద్దిలోంచి రొట్టె తుంచి దాని ముందు పెట్టాడు.

ఆ సంగతి సరళమ్మకు చెప్పాలని ఇంటిదాకా పరుగెత్తాను. ముందరి గదులకు తాళం వేసి ఉంది. ఆమె లేదన్న సంగతే మరిచిపోయాను.

ఎవరి మీదైనా మాట తూలబోయే ముందు ఒక్క పూట ఆగడం నాకు ఆమె నుంచే వచ్చింది. ఇప్పుడెక్కడుందో, ఉందో లేదో కూడా తెలియదు. ఎర్రకుక్క మా కళ్లంలో పడుకుందన్న మాట ఆమెకు నేనింకా చెప్పాల్సే ఉంది.