మంగళం పాడని వాన ఆట

పట్టపగలు రాజులు నడిచిరావడం నా జన్మలో ఒక్కసారే చూశాను. ముఖాలకు పచ్చగా అర్దళం పూసుకుని, తేలికపాటి కొయ్య కిరీటాలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో మా వీధివెంట వరసగా వచ్చారు. అందరికన్నా ముందున్నది మా మామ. ఆయన వెనక నా పెళ్ళిచీర కట్టుకుని రాణిలా నడుస్తున్నది మా ఆయన. కొత్త కోడలిని, నవ్వితే బాగుండదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అది నిజంగా జరిగిందా, నేనే కలగన్నానా అనిపిస్తుంది.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. పల్లెజనం తమంతట తాము నడుపుకునే ఆటపాటలకు సర్కారు గ్రాంటు ఇస్తుందని మా ఊరికి కబురొచ్చింది. మా ఊళ్ళో బయలు నాటకం మామ చేతిలో ఉండేది. నేర్పే ఒజ్జ ఆయనే, రాజు వేషమూ ఆయనదే. కానీ తెరను చెదలు తినేశాయి, కిరీటాల్లో సగం విరిగిపోయాయి, కొన్నేళ్ళుగా ఆటే లేదు. కుర్రవాళ్ళు పద్యాలు మరిచిపోతున్నారని, తనతోనే ఇదంతా ఆగిపోతుందని మామకు దిగులు. అన్నం ముందు కూర్చున్నా అదే మాట. గ్రాంటు సంగతి విన్న రోజు మాత్రం కూర అడిగి మరీ వేయించుకున్నాడు.

ఎండాకాలంలో ఆఫీసరు జీపులో వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. మీ సీమకే సొంతమైన ఆట ఏదైనా ఉందా అని అడిగాడు. మామ గొప్పకు పోయి వాన ఆట గురించి చెప్పేశాడు. దానికి వేరే పేరుంది గానీ, కరువొస్తే తప్ప మావాళ్ళు ఆ పేరు పలకరు. వానలు మొహం చాటేసినప్పుడు ఊరంతా ఒక్కపొద్దుండి ఆడించే ఆట అది. చివర మంగళం పాడి హారతి ఇస్తే, అది మబ్బుకు చేరుతుందని నమ్మకం. ఆఫీసరు ముచ్చటపడి, "అయితే అదే చూస్తానండీ. మొదటినుంచి చివరిదాకా చూశానని పైకి రాస్తేనే గ్రాంటు వస్తుంది" అన్నాడు.

తీరా ఆయన వస్తానని కబురు పంపింది శనక్కాయ పీకే రోజుల్లో. ఊరి పంటంతా చేలల్లో ఆరుతోంది.

పక్కింటి ఆసామి మామకు చిన్ననాటి స్నేహితుడు. ఆయనే ముందు మా గడప ముందుకొచ్చి అరిచాడు. "ఏమప్పా, నీకేమన్నా మతి పోయిందా? కాయంతా బయట ఉండాది. ఇప్పుడు ఆ ఆట ఆడితే మేం యాడికి పోవాల?"

"వేరే ఆటంటే ఆయప్ప ఒప్పుకోడు. ఈ తూరి పోతే మళ్ళా రాడప్పా" అన్నాడు మామ. అంత చిన్న గొంతుతో మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు.

పొద్దు వాలేదాకా పంచాయితీ సాగి, చివరకు ఒక దారి దొరికింది. ఆట ఆడాలి, మంగళం మాత్రం పాడకూడదు. మంగళం లేకపోతే మబ్బుకు వినపడదు. గ్రాంటూ వస్తుంది, కాయా దక్కుతుంది. ఇంత తెలివైన ఊరికి కోడలినయ్యానని నేను లోలోపల మురిసిపోయాను. మామ సరేనని తలూపి లోపలికి పోయాడు.

చీకటి పడకముందే తిరిగి వెళ్ళాలని ఆఫీసరు అన్నాడు కాబట్టి ఆట పగలే పెట్టారు. తెర లేదు గనుక మా అత్త రెండు దుప్పట్లు కలిపి కుట్టిచ్చింది. ఆ దుప్పట్ల వెనకనుంచి మామ గొంతెత్తాడు. ఇంట్లో నేను విన్న గొంతు కాదది. ఎండలో అద్దాల భుజకీర్తులు మెరుస్తున్నాయి, మద్దెల ఎక్కడో భూమి లోపలినుంచి వస్తున్నట్టుంది, చేలమీది గాలి పచ్చికాయ వాసన మోసుకొస్తోంది. నా పక్కన చంటిపిల్లలు కూడా కదల్లేదు. పొద్దు ఎప్పుడు వాలిందో నాకు తెలియనే తెలియదు.

ఆపైన హారతిపళ్ళెం రావాలి. రాలేదు. మద్దెల ఆగింది. రాజులు ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు.

"తరువాత?" అన్నాడు ఆఫీసరు.

"అంతేనయ్యా" అన్నాడు మామ.

"మంగళం లేకుండా ఆట ఎలా ముగుస్తుందండీ?"

వాన పడుతుందని భయమని చదువుకున్న మనిషితో చెప్పడానికి ఊరంతటికీ సిగ్గేసింది. చివర రాని ఆటను మీకు పూర్తిగా వచ్చునని ఎలా రాయమంటారని ఆయన మర్యాదగానే అడిగి, నమస్కారం పెట్టి జీపెక్కాడు. దుమ్ము అణిగేదాకా మామ అటే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కంట తడి లేదు. నాకు మాత్రం దుఃఖం ఆగలేదు. ఉన్నమాట చెప్తే ఏం పోయేదని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

మామ ముఖం కూడా కడుక్కోకుండా అరుగుమీద కూర్చున్నాడు. కాసేపటికి పడమట చిన్న మబ్బు లేచింది. చూస్తుండగానే అది ఊరిమీదికి వచ్చేసింది. గోనెపట్టలు, చాపలు, చేతికందినవి పట్టుకుని జనం చేలకు పరుగెత్తారు. వాన మాత్రం ఎవరికోసమూ ఆగలేదు.

వెలిశాక అందరూ మా ఇంటిముందుకు వచ్చారు. ఆసామికి మోకాళ్ళదాకా బురద. ఆయన కాయ సగం తడిసిపోయింది.

"మంగళం పాడకనే వాన యట్ల వచ్చెనప్పా?" అని నిలదీశాడు.

మామ లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే. నోరు మూసుకుంటి గానీ, లోపల పాట ఆగల్యా. శానా అదిమి పెట్టుకుంటి. ఆగల్యా."

ఎవరైనా చెయ్యి చేసుకుంటారేమోనని భయపడ్డాను. ఆసామి నెత్తిమీది గోనెపట్ట తీసి విదిలించాడు.

"లోపల అనుకుంటేనే ఇంత కురిసిందా!" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "దీన్ని పోగొట్టుకుంటామా? తెరగుడ్డ నేనిస్తా. కిరీటాలకు ఇంటింటికీ పోదాం పా. కాయ ఇల్లు చేరినాక, ఈ పిలకాయలకు నేర్పప్పా."

గ్రాంటు చేజారినప్పుడు చెక్కుచెదరని మనిషి, ఆ మాటకు అరుగుమీద కూలబడి, పైపంచెలో ముఖం దాచుకుని, ఊరంతా చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు.